వకీలుపై బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే

కేసు ఓడిపోయినంత మాత్రాన వకీలుపై ఫిర్యాదు నిలవదు. కక్షిదారుకు రావలసిన సొమ్మును తన వద్దే ఉంచుకోవడం, ఎదుటి పక్షంతో కుమ్మక్కు కావడం వంటివి 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద దుష్ప్రవర్తనగా విచారణకు వస్తాయి.

స్థానిక బార్ అసోసియేషన్ పెద్దలు సర్దిచెప్పగలరే గానీ సన్నదు (వకీలుగా పనిచేసే అనుమతి) మీద చేయి వేసే అధికారం వారికి లేదు కాబట్టి, ఆ న్యాయవాది పేరు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో ఉందో తెలుసుకొని అక్కడికే రాయాలి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు సాధారణంగా వకాల్తాపైనే, అంటే మీరు వకీలుకు సంతకం చేసి ఇచ్చిన అధికార పత్రంపైనే, దొరుకుతుంది.

అర్జీలో ఆవేశం కన్నా తేదీలు ముఖ్యం. ఏ వాయిదాకు ఏం జరిగింది, ఎంత ఫీజు ఏ రూపంలో ఇచ్చారు అన్నది వరుసగా రాసి, సంతకం చేసి, వకాల్తా నకలు, కోర్టు ఉత్తర్వులు, బ్యాంకు చెల్లింపుల వివరాలు జతచేయండి. రసీదు అడగడానికి మొహమాటపడేవారే మన దగ్గర ఎక్కువ. ఆ మొహమాటం ఇక్కడే అడ్డుపడుతుంది.

ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వకపోతే ఆ సంగతీ చేర్చండి. అలా ఆపే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి మాత్రం 2024 తీర్పుతో మూసుకుపోయింది.

రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు చెందిన ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ ఇరుపక్షాలనూ విని, మందలింపు నుంచి జాబితాలో పేరు తొలగింపు దాకా శిక్ష వేయవచ్చు. ఏడాదిలో విచారణ ముగియకపోతే వ్యవహారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. రాష్ట్ర కమిటీ ఉత్తర్వు నచ్చకపోతే, అది అందిన 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకే అప్పీలు చేసుకోవాలి.