అట్ట గడియారం, చింతగింజల లెక్క

నల్లగొండ పల్లెల్లో చింతపండు కొట్టిన ఇంట్లో గింజలకు కొదవ ఉండదు గనుక, పిల్లలకు అంకెలు, గడియారం నేర్పడానికి అవే చాలు. అట్టపెట్టె మీద పళ్లెం బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించాక, ముందుగా 12, 6, 3, 9 అంకెలను ఎదురెదురుగా రాసి, వాటి నడుమ మిగిలినవాటిని రెండేసి చొప్పున నింపితే ఎడం సమానంగా వస్తుంది. ప్రతి అంకె పక్కన అన్నేసి గింజలను పిల్లల చేతనే పెట్టించాలి. మొత్తం 78 పడతాయి. (నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది వద్దు.) అట్టముళ్లను గుండుసూదితో కాక చొక్కా గుండీతో, దారంతో బిగించడం మేలు.

మొదట చిన్న ముల్లు ఒక్కటే ఉంచాలి. అది కుదిరాక, అంకెకు ఐదేసి గింజలు పేర్చి లెక్కిస్తే 60 నిమిషాలు తేలతాయి. ఏడున్నరకు చిన్న ముల్లును ఏడుకూ ఎనిమిదికీ సరిగ్గా నడుమ నిలపడం పెద్దలే మరచిపోతుంటారు.