గేమ్ నత్తనడక నడుస్తోందా? కొత్త లాప్‌టాప్ కొనేముందు ఛార్జర్ తిప్పి చూడండి

"అన్నా, ఈ లాప్‌టాప్‌లో ఆ గేమ్ ఆడొచ్చా, లేక ఇంట్లో అడిగి కొత్తది కొనిపించుకోనా?" బెజవాడ గవర్నర్‌పేటలో రిపేరు బల్ల దగ్గర కూర్చునే నాకు వేసవి సెలవులొస్తే రోజూ ఇదే ప్రశ్న. గుంటూరు నుంచీ తెనాలి నుంచీ కూడా బ్యాగు తగిలించుకుని వచ్చేస్తారు. నేను ఆడొచ్చనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఆ మెషీన్ అసలు తన పూర్తి బలంతో నడుస్తోందా అని ముందు చూస్తాను. చాలాసార్లు నడవదు. సగం బలంతో ఈడుస్తున్న దాన్ని చూసి "దీనికింతే" అని తీర్మానం చేసుకుని లక్ష రూపాయలకి బేరం పెట్టుకుంటారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ మామూలు మెషీన్ అంటే జీటీఎక్స్ 1650 లాంటి 4 జీబీ గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్, లేదా విడిగా కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తో కట్టించుకున్న డెస్క్‌టాప్. టాస్క్ మేనేజర్ తెరవడం, డ్రైవర్ వేసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: మెనూ దాటగానే సెకనుకి 15, 20 ఫ్రేములే (తెర మీద మారే బొమ్మలు). మొదటి నుంచీ అంతే

టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు గ్రాఫిక్స్ చిప్పులు కనిపిస్తాయి. గేమ్ ఆడుతుండగా ఏది పని చేస్తోందో చూడండి. ఇంటెల్‌దో ఏఎండీదో 98 శాతంలో ఉండి ఎన్విడియా సున్నా దగ్గర నిద్రపోతుంటే మీరు డబ్బు పోసి కొన్న గ్రాఫిక్స్ ఖాళీగా కూర్చుందన్నమాట. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి, అయిపోయింది. విడిగా కార్డున్న డెస్క్‌టాప్ వాళ్లయితే వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూసుకోండి. కార్డుకి కాకుండా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి గుచ్చి, ఆరు నెలలు అలాగే ఆడి, కార్డు పాడైందని నా దగ్గరికి తెచ్చిన మహానుభావులున్నారు. నవ్వకండి, ముందు వంగి చూడండి.

కార్డు లేనివాళ్లకి ఇంకొకటుంది. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా వేయించుకుంటారు, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు కదా అని. బిల్టిన్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ఒక్క స్టిక్ అయితే సెకనుకి 25.6 జీబీ, రెండు వేస్తే 51.2 జీబీ. దారి సగమైతే గేమ్ గతి ఏంటో మీరే ఊహించుకోండి. ఒక 16 బదులు రెండు 8లు వేయించుకోండి.

సమస్య: బాగానే మొదలవుతుంది, పది నిమిషాలకి పడిపోతుంది

మే నెలలో బెజవాడ గదిలో, ఫ్యాన్ కూడా వేడిగాలే కొడుతుంటే, లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడితే ఇంకేమవుతుంది? ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము తీయించండి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్పించండి, వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి ఎత్తండి. పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99కి దించితే టర్బో, అంటే ప్రాసెసర్ అదనంగా పెంచుకునే వేగం, ఆగిపోతుంది, చాలా మెషీన్లలో వేడి బాగా తగ్గుతుంది, 1650తో ఆడే గేమ్‌లో ఫ్రేములు పెద్దగా పోవు. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వేడి వల్ల పడిపోతే వేడి కనిపించాలి. ఫ్రేములు పడిపోయాయి, ప్రాసెసర్ మాత్రం 60 డిగ్రీల దగ్గర చల్లగా ఉంది అంటే దోషం వేడిది కాదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సమస్య: ఉన్నట్టుండి 60 నుంచి 18కి పడుతుంది, వేడి లేదు, కాసేపటికి మళ్లీ లేస్తుంది

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడొకడు లాప్‌టాప్ తెచ్చాడు. 1650 ఉంది, నాలుగేళ్ల మెషీన్. "అన్నా, మొదట్లో ఇదే గేమ్ బాగా ఆడేవాణ్ణి, ఇప్పుడు శత్రువు కనపడేసరికి నేను చచ్చిపోయుంటున్నా" అన్నాడు. విప్పాను, శుభ్రం చేశాను, పేస్టు మార్చాను, బల్ల మీద పెట్టి అరగంట ఆడించాను. 55, 60 మధ్య చక్కగా నడిచింది. పంపించాను.

నాలుగో రోజుకి ఫోన్. ఇంట్లో మళ్లీ అంతే. మళ్లీ తెమ్మన్నాను, ఈసారి విండోస్ మొత్తం కొత్తగా వేశాను, డ్రైవర్ పాతది ఒకటి, కొత్తది ఒకటి వేసి చూశాను. నా దగ్గర 60. ఇంటికెళ్తే 18. వాళ్లింట్లో కరెంటు లో ఓల్టేజీ ఏమో అనుకున్నాను, పరుపు మీద పెడుతున్నాడేమో అని తిట్టాను కూడా. మూడోసారి వాళ్ల నాన్నగారు కూడా వచ్చారు. ఆయనకి విసుగొచ్చింది, నాకూ విసుగొచ్చింది. "ఇక దీని పని అయిపోయిందండీ, చిప్పు పోయినట్టుంది, కొత్తది చూసుకోండి" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదృష్టం ఏంటంటే ఆ రోజు నా బల్ల మీద ఉండే 150 వాట్ల ఛార్జర్ ఇంకో లాప్‌టాప్‌కి తగిలించి ఉంది. "నీ ఛార్జర్ ఉందా?" అన్నాను. బ్యాగులోంచి తీసి ఇచ్చాడు. గేమ్ పెట్టాను. మొదట 60. బ్యాటరీ ఎంతుందో చూద్దామని కింద మూలకి చూస్తే 41 శాతం, ఛార్జింగ్ గుర్తు ఉంది. కాసేపయ్యాక 38. ఇంకాసేపటికి 33. ఛార్జర్ పెట్టి ఉండగా బ్యాటరీ దిగిపోతోంది! ఇంకొంచెం దిగేసరికి టప్‌మని 18 ఫ్రేములు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర బిగుసుకుపోయింది. ఒళ్లు 58 డిగ్రీలు.

ఛార్జర్ తిప్పి ఫోన్ టార్చి వేసి చూశాను. అరిగిపోయిన అక్షరాల్లో అవుట్‌పుట్ 19.5 ఓల్టులు, 3.33 ఆంపియర్లు. గుణించండి, 65 వాట్లు. అసలు ఛార్జర్ హాస్టల్లో పోయిందట, అదే పిన్ను పట్టే ఇంకోటి ఎక్కడో కొన్నాడు. పిన్ను పట్టింది, లైటు వెలిగింది, ఛార్జింగ్ ఎక్కింది. ఇంకేం కావాలి అనుకున్నాడు పాపం. దాని తప్పు చూపించే అవకాశం నేను కూడా ఇవ్వలేదు, ప్రతిసారీ నా ఛార్జర్‌తోనే పరీక్షించాను కదా.

లెక్క చూడండి. ఆ తరగతి లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌కి 45 వాట్లు, గ్రాఫిక్స్‌కి 50 వాట్లు, ఆ రెండే 95. స్క్రీన్, ఫ్యాన్లు, డిస్కు వేరే. అందుకే కంపెనీ వాళ్లు దీనికి 120, 135, 150 వాట్ల ఛార్జర్ ఇస్తారు. 65 వాట్లది తగిలిస్తే తక్కువైనదాన్ని బ్యాటరీ పూరిస్తుంది, కాబట్టి నిండు బ్యాటరీతో మొదలుపెట్టినప్పుడు అంతా బాగానే ఉంటుంది, మనం మోసపోయేది అక్కడే. బ్యాటరీ ఒక స్థాయికి దిగాక ఇక చాలని మెషీన్ ప్రాసెసర్ గొంతు పట్టుకుంటుంది. వీడు విసుగొచ్చి గేమ్ కట్టేసి అన్నం తినొచ్చేసరికి బ్యాటరీ కాస్త ఎక్కుతుంది, మళ్లీ కాసేపు బాగా ఆడుతుంది. చూసేవాడికి ఇదేదో దెయ్యం పట్టినట్టుంటుంది.

ఇందులోనే ఇంకో రకం ఉంది. కొన్ని లాప్‌టాప్‌ల ఛార్జర్ పిన్ను మధ్యలో సూదిలా సన్నటి పుల్ల ఉంటుంది. తాను ఎన్ని వాట్లదో ఛార్జర్ ఆ పుల్ల ద్వారానే లాప్‌టాప్‌కి చెబుతుంది. అది వంగినా, విరిగినా, డూప్లికేట్ ఛార్జర్ కావడంతో ఆ కబురు అందకపోయినా, వాట్లు సరిపడా ఉన్నా సరే మెషీన్ నమ్మదు. మొదటి నిమిషం నుంచే ప్రాసెసర్‌ని తొక్కిపెడుతుంది, చాలావాటిలో బ్యాటరీ కూడా ఎక్కదు. ఆన్ చేయగానే అడాప్టర్ గుర్తించలేదని ఒక మెసేజ్ వస్తుంది, మనవాళ్లు చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు. చదవండి బాబూ. టైప్-సీ ఉంది కదా అని ఫోన్ ఛార్జర్‌తో గేమ్ ఆడేవాళ్లదీ ఇదే జబ్బు.

పరిష్కారం చాలా తేలిక. లాప్‌టాప్ అడుగున ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంపియర్లు కావాలో ముద్రించి ఉంటుంది, లేకపోతే మోడల్ నంబరుతో వెతికితే దొరుకుతుంది. కొనే ఛార్జర్ ఓల్టులు అచ్చంగా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు. ఎక్కువైతే కాలిపోతుందని భయపడతారు, కాలదు, మెషీన్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది. ఒరిజినల్ కాస్త ఖరీదే, అయినా కొత్త లాప్‌టాప్‌తో పోలిస్తే ఏపాటి? థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీడీ ప్రాక్‌హాట్ (బయటి నుంచి సంకేతం వస్తే ప్రాసెసర్ వేగం తగ్గించే ఏర్పాటు) టిక్కు తీసేస్తే వేగం వస్తుందని కొందరు చెబుతారు, వస్తుంది నిజమే. ఒరిజినల్ ఛార్జరే ఉండి, ఆ పుల్ల ఒక్కటే విరిగితే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. 65 వాట్ల దానితో ఆ పని చేస్తే మాత్రం ఛార్జర్ పెనంలా కాలుతుంది, అది ఉండేది మంచం మీద దుప్పట్ల మధ్య. వద్దు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి మాట "నీ ఛార్జర్ బయటికి తియ్యి" అనే.

సమస్య: సగటు ఫ్రేములు బాగున్నాయి, పక్కకి తిరిగినప్పుడల్లా జర్క్

4 జీబీ వీడియో మెమరీ నిండిపోయింది. టెక్స్‌చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఒక మెట్టు దించండి, మిగతావన్నీ లోలో పెట్టి టెక్స్‌చర్ ఒక్కటీ అల్ట్రాలో ఉంచే అలవాటు మానండి. గేమ్ పాత హార్డ్ డిస్కులో ఉన్నా ఇంతే, ఎస్ఎస్‌డీకి మార్చండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన రోజో, డ్రైవర్ మార్చిన రోజో అయితే షేడర్లు (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి, తెర మీద ఆ పట్టీ నిండేదాకా ఆగి ఆడండి. 8 జీబీ ర్యామ్‌తో వెనకాల క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి ఉంచితే నేనేమీ చేయలేను.

వైరస్, బయాస్ పాతది కావడం, ర్యామ్ పాడవడం, విండోస్ గేమ్ మోడ్, ఇవన్నీ ఎక్కడో ఒకటి. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

సరే, ఇంతకీ ఆడొచ్చా?

మెషీన్ పూర్తి బలంతో నడుస్తోందని తేలాక నా లెక్క ఇది. 1080పీలో ఒక ఫ్రేముకి 20.7 లక్షల పిక్సెళ్లు, 900పీలో 14.4 లక్షలు, 720పీలో 9.2 లక్షలు. లో సెట్టింగ్స్ పెట్టి బొమ్మ పాడుచేసుకునే ముందు రిజల్యూషన్ 900కి దించి చూడండి, 15 అంగుళాల స్క్రీన్ మీద పెద్ద తేడా తెలీదు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే ఎఫ్ఎస్ఆర్ గేమ్‌లో ఉంటే జీటీఎక్స్ కార్డు మీద కూడా పనిచేస్తుంది, అలాంటిదే అయిన డీఎల్ఎస్ఎస్ మాత్రం ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల వాళ్లకే. మధ్యలో కల్పిత ఫ్రేములు చేర్చే ఫ్రేమ్ జనరేషన్‌ని నమ్ముకోకండి. 25 ఫ్రేముల మీద దాన్ని వేస్తే అంకె 50 చూపిస్తుంది, మౌస్ మాత్రం బెల్లంపాకంలో తిప్పినట్టే ఉంటుంది.

కథ ఉన్న షూటర్‌ని ఒంటరిగా ఆడుకునేవాళ్లకి 40 ఫ్రేములకి లాక్ చేసుకుంటే హాయిగా సాగిపోతుంది. 2020లో వచ్చిన డూమ్ ఎటర్నల్ లాంటిది 1650 మీద మీడియంలో 60 దాటి పరిగెడుతుంది, అంత బాగా చేసిన గేమ్ ఇంకోటి చూపించండి. వాలరెంట్‌కి ఈ మెషీన్లు ఎక్కువే. కౌంటర్ స్ట్రైక్ 2కి రెండు స్టిక్కుల ర్యామ్ ఉంటే బిల్టిన్ గ్రాఫిక్స్ కూడా సెట్టింగ్స్ దించుకుంటే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో అవతలివాడితో పోటీపడే బరువైన గేమ్‌ని మాత్రం 35 ఫ్రేములతో ఆడకండి. ఒక్కో ఫ్రేముకి దాదాపు 29 మిల్లీసెకన్లు పోతుంది, 120 ఫ్రేముల వాడికి 8. ఓడిపోయి కీబోర్డు మీద కోపం చూపిస్తారు, అదీ నా దగ్గరికే వస్తుంది.

2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ సంగతి వేరు. దానికి రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టడం) చేసే కార్డు తప్పనిసరి, 1650 మీద ఏ సెట్టింగూ దాన్ని కాపాడదు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కనీసమే ఆర్‌టీఎక్స్ 2060, 16 జీబీ ర్యామ్ అడుగుతుంది, పైగా బయాస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. అవే ఆడాలంటే ఇంట్లో అడగండి, అందులో నేను అడ్డురాను. ఆ బ్రాడీపేట కుర్రాడు మాత్రం అడగలేదు. 150 వాట్ల ఛార్జర్ కొనుక్కుని, అదే లాప్‌టాప్‌లో 900పీలో ఆడుకుంటున్నాడు. ఆ 65 వాట్లది నా సొరుగులో ఉంది, లేబుల్ పైకి ఉండేలా పెట్టాను.