గుండె ఆపరేషన్‌కు రక్తం ఎక్కించాల్సి వస్తుందా? ముందే పసిగట్టడంలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

తిరుపతిలో గానీ, చిత్తూరు వాళ్లయితే పక్కనున్న వెల్లూరులో గానీ గుండె ఆపరేషన్‌కు డేట్ తీసుకున్న ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: "ఎన్ని బాటిళ్లు కావాలి సార్?" ఎవరికి రక్తం పట్టొచ్చో చాలావరకు ముందే తెలుస్తుంది. చూడాల్సిన రోజు చూడకపోవడంతోనే తంటా.

సమస్య: పక్క బెడ్ ఆయనకు ఒక్క బాటిలూ పట్టలేదు. మా అమ్మకు మాత్రం మూడు రెడీ చేయమంటున్నారు.

ఆపరేషన్‌లో రక్తం కారిపోతుంది కాబట్టి ఎక్కిస్తారని అందరూ అనుకుంటారు. అది సగం నిజం. ఆపరేషన్ టైంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ ట్యూబుల్లో ముందుగా సెలైన్ లాంటి ద్రవం నింపుతారు. దాన్ని 1.4 లీటర్లు అనుకుందాం. మెషిన్ ఆన్ చేయగానే అదంతా పేషెంట్ రక్తంలో కలుస్తుంది.

పక్క బెడ్ ఆయన బరువు 70 కిలోలు, హెచ్‌బి (హిమోగ్లోబిన్) 14 అనుకోండి. ఒంట్లో రక్తం సుమారు 4.9 లీటర్లు. ద్రవం కలిశాక హెచ్‌బి 11 దగ్గర ఆగుతుంది. పలమనేరు నుంచి వచ్చిన పెద్దావిడ బరువు 45 కిలోలు, హెచ్‌బి 10.5. ఆమె ఒంట్లో ఉండేదే 2.9 లీటర్లు. అదే 1.4 లీటర్లు కలిస్తే హెచ్‌బి 7కు పడిపోతుంది. ఇంకా ఒక్క చుక్క రక్తం పోలేదు, గమనించండి.

హెచ్‌బి ఎంతకు తగ్గితే రక్తం ఎక్కించాలన్న గీత 7.5 దగ్గర పెట్టుకున్నా ఫలితాలు చెడవని 2017లో వచ్చిన ట్రిక్స్-3 ట్రయల్ చూపించింది. అందులో రెండో గ్రూపుకు థియేటర్‌లోనూ ఐసీయూలోనూ 9.5 కంటే తగ్గితేనే ఎక్కించారు. ఏ గీత పెట్టుకున్నా మన పెద్దావిడ మెషిన్ ఎక్కగానే దాని కిందికి వచ్చేస్తుంది. బరువు తక్కువ, హెచ్‌బి తక్కువ. ఈ రెండూ కలిస్తే చాలు.

ఏం చేయాలి: మెషిన్‌కు చిన్న సర్క్యూట్ (ట్యూబుల అమరిక), పొట్టి ట్యూబులు వాడొచ్చు. ట్యూబుల్లోని ద్రవాన్ని కొంత పేషెంట్ సొంత రక్తంతోనే వెనక్కి నెట్టి తీసేయొచ్చు. ఇదంతా టీము పని. ఇంటివాళ్ల చేతిలో ఉన్నది కింద చెప్పేది.

సమస్య: అడ్మిట్ అయ్యాక "రక్తం తక్కువగా ఉంది" అని ఆపరేషన్ వాయిదా వేశారు.

యాంజియోగ్రామ్ రోజే హెచ్‌బి నంబరు రిపోర్టులో ఉంటుంది. బ్లాకులు ఎన్ని, స్టెంటా బైపాసా అన్న గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆడవాళ్లలో 12, మగవాళ్లలో 13 కంటే తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రుమాటిక్ వాల్వ్ జబ్బుతో మన వార్డులకు వచ్చేది కూడా ఎక్కువగా ఈ వయసు వాళ్లే.

ఏం చేయాలి: డేట్ ఇచ్చిన రోజే హెచ్‌బి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) చూపించి డాక్టర్‌ను అడగండి. ఐరన్ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. మాత్రకు ముందూ వెనకా టీ, కాఫీ వద్దు. టైం తక్కువగా ఉంటే నరం ద్వారా ఐరన్ ఇస్తారు. పైల్స్, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లాంటి కారణాలు వెతకాలి. బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ తాగించండి, కాదనను. వారంలో హెచ్‌బి 9 నుంచి 12కి మాత్రం వెళ్లదు. ఎమర్జెన్సీ అయితే ఇవేవీ ఆలోచించకుండా ఆపరేషనే ముందు.

సమస్య: స్కోర్ షీట్ వేస్తే అందరూ రిస్కులోనే కనిపిస్తున్నారు.

ఇది జూనియర్ డాక్టర్ల ప్రశ్న. ఎవరికి రక్తం పట్టొచ్చో మార్కులు వేసి అంచనా కట్టే ట్రస్ట్ స్కోర్ టొరంటోలో తయారైంది. అందులో ఎనిమిది ప్రశ్నలు. బరువు 77 కిలోల లోపు ఉంటే ఒక మార్కు, హెచ్‌బి 13.5 లోపు ఉంటే ఇంకోటి. మన ఓపీలో కూర్చున్న వాళ్లలో ఈ రెండూ పడని వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక మిగిలేవి 65 దాటిన వయసు, ఆడవాళ్లా, క్రియాటినిన్, ఎమర్జెన్సీయా, రెండోసారి ఆపరేషనా, బైపాస్‌తో పాటు వాల్వ్ కూడానా. మన దగ్గర పేషెంట్లను విడదీసి చూపించేవి ఇవే.

షీట్‌ను పారేయక్కర్లేదు. సొంత హాస్పిటల్ పాత కేసులతో సరిచూసి గీతలు మార్చుకోవాలి. అక్కడా ఒక మెలిక ఉంది. పాత కేసుల్లో ఒక సర్జన్ హెచ్‌బి 9 దగ్గరే ఎక్కించి, ఇంకొకరు 7.5 దాకా ఆగి ఉంటే, స్కోర్ లెక్క పేషెంట్ అవసరాన్ని కాదు, డాక్టర్ అలవాటును నేర్చుకుంటుంది. పంప్ (హార్ట్-లంగ్ మెషిన్) మీద ఎంతసేపు ఉన్నారన్నది కూడా ఆపరేషన్ ముందు వేసే లెక్కలో కలపకండి, అది ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది.

సమస్య: స్కోర్ తక్కువే, అయినా ఐసీయూలో డ్రెయిన్ (ఛాతీలోంచి రక్తం బయటికి తీసే గొట్టం బాటిల్) నిండుతోంది.

రక్తం పలచబడే మాత్రలు ఆపారో లేదో ముందు చూడండి. సాధారణంగా క్లోపిడోగ్రెల్ 5 రోజులు, ప్రాసుగ్రెల్ 7 రోజులు, టికాగ్రెలార్ కనీసం 3 రోజులు ముందు ఆపుతారు. ఆస్పిరిన్‌ను చాలామందికి కొనసాగిస్తారు. స్టెంట్ గానీ మెటల్ వాల్వ్ గానీ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా దేన్నీ ఆపకూడదు. వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకొచ్చి చూపించడం మంచిది, పేర్లు గుర్తు చేసుకోవడం కంటే. మాత్రల తేడా లేకపోతే కుట్టు దగ్గర కారుతోందా, రక్తం గడ్డకట్టడంలో లోపమా అన్నది టీము తేల్చుకుంటుంది.

సమస్య: డోనర్లు దొరకడం లేదు.

18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోలు, హెచ్‌బి 12.5 ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల గ్యాప్ ఉండాలి. మీ తమ్ముడు ఇచ్చిన రక్తమే మీకు ఎక్కిస్తారనుకోకండి, అది బ్లడ్ బ్యాంక్ స్టాక్‌లో కలుస్తుంది. మీ కోసం పక్కన పెట్టిన బాటిల్ వాడకపోతే వేరే వాళ్లకు వెళ్తుంది. నెగెటివ్ గ్రూపు అయితే మాత్రం అడ్మిషన్ దాకా ఆగకుండా డేట్ వచ్చిన రోజే బ్లడ్ బ్యాంక్‌లో చెప్పేయండి.