ట్రాక్టర్ లోడర్ ఆర్మ్ పగిలిందా? ప్లేటు వేసే ముందు పగులు చూడండి

దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలవల్లో నీళ్లు ఆపేశాక మా పశ్చిమ గోదావరి ఉండి, ఆకివీడు వైపు ట్రాక్టర్ లోడర్లకు ఊపిరాడదు. చెరువుల పూడిక, గట్లకి మట్టి, పాకల దగ్గర పెంట అన్నీ ఆ కొద్ది వారాల్లోనే చేయాలి. లోడర్ విరిగేదీ సరిగ్గా అప్పుడే. కిరాయి పోతోందన్న టెన్షన్‌లో వెల్డింగ్ షాపుకి తోలి, దొరికిన ప్లేటు ముక్క అతికించి సాయంత్రానికల్లా మళ్లీ చెరువులోకి దించేస్తాం. నేనూ అదే చేశాను. పగిలిన ఆర్మ్ (బకెట్‌ని మోసే ఇనప చెయ్యి) మీద 12 ఎంఎం చదరపు ప్లేటు పెట్టి నాలుగు వైపులా నిండుగా వెల్డింగ్ చేయించాను. నెల తిరగలేదు. ప్లేటుకి ఏమీ కాలేదు గానీ దాని అంచు పక్కనే ఆర్మ్ స్కేలు పెట్టి గీసినట్టు తెగింది. మందం చాలక కాదు, బలం అంతా ఒక్కచోటే పోగేసినందుకు తెగిందని అప్పుడు తెలిసింది.

మిషన్ ఆన్ చేసే ముందు

బకెట్ నేల మీద ఆనించండి. ఆర్మ్ ఎత్తి ఉంచి పని చేయక తప్పకపోతే కింద ఇనప స్టాండో, గట్టి చెక్క దిమ్మలో పెట్టాలి. హైడ్రాలిక్ పట్టుకుంటుందిలే అని కింద దూరొద్దు. ఇంజన్ ఆపి లివర్లు అటూ ఇటూ కదిపి పైపుల్లో ప్రెజర్ తీసేయండి. బ్యాటరీ రెండు వైర్లూ ఊడదీయండి, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా. సిలిండర్ రాడ్డు మీద తడిగుడ్డ కప్పాలి. మెరిసే ఆ రాడ్డు మీద ఒక్క నిప్పురవ్వ అతుక్కున్నా సీల్ కోసుకుపోతుంది. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే ముక్కకే, జానెడు దూరంలో పెట్టాలి. వెనక డ్రాబార్‌కి తగిలిస్తే కరెంటు పిన్నులు, బేరింగుల గుండా పోయి వాటిని గుంటలు పెడుతుంది.

సమస్య 1: లిఫ్ట్ సిలిండర్ పిన్ దగ్గర ఆర్మ్‌కి పగులు

పది లోడర్లు చూస్తే ఎక్కువ వాటికి ఇదే జబ్బు. పగులు పైన మొదలైందా, కింద మొదలైందా అన్నది ముందు చూడాలి.

కావడి బద్దని గుర్తు తెచ్చుకోండి. భుజం మధ్యలో, బరువులు రెండు చివర్లా. బద్ద పైభాగం సాగుతుంది, కిందిభాగం నలుగుతుంది. లోడర్ ఆర్మ్ అచ్చం అంతే: సిలిండర్ పిన్ భుజం, ముందు బకెట్, వెనక టవర్ పిన్ (టవర్ అంటే ఆర్మ్‌ని పట్టుకుని ట్రాక్టర్‌కి బోల్టులతో బిగించి ఉండే స్తంభం). బరువు మోసేటప్పుడు ఆర్మ్ పైఅంచు సాగుతుంది. కాబట్టి పగులు పైనుంచి దిగితే ఎక్కువగా ఓవర్‌లోడు, లేదా నిండు బకెట్‌తో గతుకుల రోడ్డు మీద స్పీడుగా పోవడం కారణం. గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ బరువు ఒక్క క్షణం రెట్టింపు అయినట్టే. తడి రేగడి మట్టి బకెట్‌కి అంటుకుని సగం ఖాళీ కాకుండానే మళ్లీ నింపేస్తామని కూడా మర్చిపోవద్దు.

పగులు కింద మొదలైతే కథ వేరు. ముందు చక్రాలు రొచ్చులో దిగబడినప్పుడు బకెట్‌ని నేలకి అదిమి బండి పైకి లేపుతాం కదా, అప్పుడు ఆర్మ్ తలకిందులుగా వంగి కిందిఅంచు సాగుతుంది. ఈ పగులుకి ఎంత మంచి వెల్డింగ్ చేసినా డ్రైవర్ అలవాటు మారకపోతే మళ్లీ వస్తుంది. మా డ్రైవర్ "నేనెప్పుడూ అలా చెయ్యలేదండీ" అన్నాడు. పగులు మాత్రం చేశాడనే చెప్పింది.

ఇక మరమ్మతు. పగులు కంటికి కనిపించే దానికన్నా పొడుగుంటుంది. పెయింటు గీకి కిరసనాయిలు రాయండి, పది నిమిషాలాగి పొడిగా తుడిచి సుద్దపొడి పూయండి. పగుల్లో మిగిలిన కిరసనాయిలు సుద్దని తడిపి గీతలా బయటపడుతుంది. ఎరుపు రంగు డై స్ప్రే దొరికితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పగులు కొసకి కాస్త అవతలగా 6 ఎంఎం రంధ్రం వేయాలి, రెండు కొసలుంటే రెండు. వెల్డింగ్ వేడికి పగులు ముందుకి పాకకుండా అది ఆపుతుంది. తర్వాత గ్రైండర్‌తో పగులుని వి ఆకారంలో మందం చివరిదాకా తవ్వాలి. పైపైన తవ్వి రాడ్డు పోస్తే లోపలి పగులు అలాగే ఉండిపోతుంది, పైన కనపడేది ముసుగే. తుప్పు, గ్రీజు, తేమ ఏదీ మిగలకూడదు.

రాడ్డు సంగతి. గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లో ఎక్కువగా 6013 నంబరు వెల్డింగ్ రాడ్డు ఉంటుంది. పల్చటి రేకుకి అది బాగానే ఉంటుంది. బరువుకి ఊగే ఆర్మ్‌కి 7018 అడగండి. అది తక్కువ హైడ్రోజన్ రాడ్డు, అతుకు పెళుసెక్కదు. కానీ గాలిలో తేమ పీల్చిందంటే దాని గొప్పదనం పోయినట్టే. కొల్లేటి గాలి తగిలే మా వైపు, వానాకాలంలో తెరిచిన ప్యాకెట్టు మర్నాటికే అనుమానం. ఎండలో పెడితే ఆ తేమ పోదు, 300 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో గంటకి పైగా ఉంచాలి. ఊళ్లో అది కుదరదు కాబట్టి చిన్న ప్యాకెట్టు కొని, మీ ముందే విప్పించి అప్పటికప్పుడు వాడించండి. ఇన్వర్టర్ మిషన్ మీద రాడ్డు ప్లస్‌కి, 3.15 ఎంఎం రాడ్డుకి సుమారు 100 నుంచి 130 ఆంపియర్లు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ మీద మామూలు 7018 తడబడుతుంది. సాయంత్రం ఊళ్లో వోల్టేజీ పడిపోయే వేళ ఈ పని పెట్టుకోవద్దు. ఒక్కో పొర వేశాక స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) పూర్తిగా కొట్టి, బ్రష్ చేసి తర్వాతి పొర వేయాలి.

అతుకు చల్లారాక గ్రైండర్‌తో సమంగా చేసి, అప్పుడు బలానికి ప్లేటు. నేను తప్పు చేసింది ఇక్కడే. చదరపు ప్లేటు వద్దు, రెండు కొసలూ సన్నబడే చేప ఆకారం కావాలి.  మందం ఆర్మ్ రేకుతో సమానంగా ఉంటే చాలు, 6 ఎంఎం ఆర్మ్‌కి 12 ఎంఎం ప్లేటు వేయడం వెదురు బద్దకి మోడు కట్టినట్టు. ఆర్మ్ పక్కల మీద వేయండి, కొసలు ఆర్మ్ ఎత్తులో నడిమికి రావాలి, సాగుడూ నలుగుడూ అక్కడే తక్కువ. వెల్డింగ్ గీత పొడుగునా పోవాలి. ఆర్మ్ పైఅంచునో కిందిఅంచునో అడ్డంగా దాటే గీత ఒక్కటి వేసినా అది కొత్త పగులుకి గాటు పెట్టినట్టే. ఒకే చోట ఏకబిగిన పోయకుండా అటు కొంచెం, ఇటు కొంచెం వేయించండి, లేకపోతే ఆర్మ్ వంకర తిరుగుతుంది. పిన్నులు రంధ్రాల్లో పెట్టే టాక్‌లు (ముందుగా వేసే చుక్క అతుకులు) వేస్తే వరస తప్పదు.

ఒక పక్క ఆర్మ్‌కి ప్లేటు వేస్తే రెండో ఆర్మ్‌కీ సుద్ద పరీక్ష చేయండి. అదీ ఇన్నాళ్లూ అంతే బరువు మోసింది.

సమస్య 2: బకెట్ ఒక మూల కిందికి ఒరుగుతోంది

"ఒక సిలిండర్ వీకైంది" అని సీల్ కిట్లు మార్పించేవాళ్లు చాలామంది. రెండు లిఫ్ట్ సిలిండర్లకీ ఆయిలు ఒకే లైను నుంచి చీలి వెళ్తుంది, రెండు ఆర్ములనీ మధ్యలో అడ్డగొట్టం కలిపే ఉంచుతుంది. కాబట్టి ఒక్క సిలిండరే వెనకబడడం జరగదు. ఒరిగిందంటే ఫ్రేమ్ మెలి తిరిగింది, లేదా ఒక పక్క పిన్ను అరిగింది. చెరువులో పాత తూము సిమెంటు గొట్టానికి బకెట్ మూల తగలడం, కొబ్బరి మొద్దుకి గొలుసు కట్టి ఒక కొసతో లాగడం దీనికి మామూలు కారణాలు.

టేపు పెట్టి ఎడమ టవర్ పిన్ను నుంచి కుడి బకెట్ పిన్నుకి, కుడి నుంచి ఎడమకి మూలమూలలా కొలవండి. తేడా తేలితే అడ్డగొట్టం ఆర్మ్‌ని కలిసే చోట చుట్టూ పగులు వెతకండి. ఫ్రేమ్‌ని జాకీలతో సరిచేసి, టేపు కొలత కలిశాకే వెల్డింగ్. మూలల్లో త్రికోణపు ముక్కలు పెట్టొచ్చు, కానీ వాటి కొసల్ని గుండ్రంగా కోయించండి. మెలి చాలా ఎక్కువుంటే మరమ్మతు ఖర్చుకి పాత ఆర్ముల జత దొరుకుతుందేమో చూడడం మేలు.

సమస్య 3: పిన్నుల దగ్గర కటకట

గ్రీజు లేకపోవడం, ఉప్పునీటి రొయ్యల చెరువు బురద. ఇంకేం లేదు. కోడిగుడ్డులా సాగిన రంధ్రాన్ని రాడ్డుతో పూడ్చి గ్యాస్‌తో కోయించకండి. లేత్ షాపులో బోరు సరిచేయించి కొత్త బుష్ (పిన్ను తిరిగే లోహపు గొట్టం), ఈఎన్8 రకం ఉక్కు షాఫ్ట్‌తో పిన్ను చేయించుకోవాలి. పిన్ను బుష్‌లో తిరగాలి గానీ బ్రాకెట్‌లో తిరగకూడదు, పిన్నుని తిరగకుండా పట్టి ఉంచే లాక్ బోల్టు ఊడిపోయే చాలా రంధ్రాలు అరుగుతాయి.

సమస్య 4: బకెట్ పెదవి వెల్డింగ్ మళ్లీ మళ్లీ విడిపోతోంది

బకెట్ రేకు మెత్తటి ఇనుము, అంచున ఉండే కోతపట్టీ గట్టి ఉక్కు. చల్లటి ఉక్కు మీద రాడ్డు పోస్తే అతుకు పక్కనే పెళుసెక్కి టక్కున విడిపోతుంది. ముందుగా గ్యాస్ మంటతో 150 నుంచి 200 డిగ్రీల దాకా కాచాలి, వేడి చూసే గన్ను ఇప్పుడు చాలా షాపుల్లో ఉంది. 7018తో వేసి, వెంటనే నీళ్లు కొట్టకుండా పొడి ఊక బూడిదలో కప్పెయ్యండి. రైస్ మిల్లుల పుణ్యమా అని మన దగ్గర దానికి కొదవలేదు. వేడిని అంత బాగా పట్టి ఉంచేది మరొకటి దొరకడం కష్టం. తెల్లారేదాకా ముట్టుకోవద్దు.

సమస్య 5: టవర్ బోల్టులు పదేపదే తెగుతున్నాయి

లోడర్ బ్రాకెట్‌కీ ట్రాక్టర్ బాడీకీ మధ్య తుప్పు, పెయింటు పొర నలిగి బోల్టు వదులవుతుంది. బరువంతా మిగిలిన ఒకటి రెండు బోల్టుల మీద పడుతుంది. అన్నీ ఒకేసారి, తల మీద 8.8 అనో 10.9 అనో పాతదానికి ఏ గుర్తుంటే అదే గ్రేడువి మార్చండి. రెండు ముఖాలూ లోహం కనిపించేదాకా శుభ్రం చేసి టార్క్ రెంచ్‌తో బిగించాలి. బ్రాకెట్‌ని ట్రాక్టర్ బాడీకి వెల్డింగ్ చేసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇంజన్, క్లచ్ హౌసింగ్‌లు పోత ఇనుము. అది చిట్లితే లోడర్ కాదు, ట్రాక్టరే రెండు ముక్కలు. వెనక బరువు లేకుండా లోడర్ నడిపినా ముందు యాక్సిల్, ఈ బోల్టులూ రెండూ దెబ్బతింటాయి. ఆ బరువు కోసం రోటావేటర్ తగిలించి ఉంచినా చాలు. గట్టు మీద వెళ్లేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తుకి మించొద్దు.

ఆర్ములు ఎత్తి ఉంచితే నెమ్మదిగా దిగిపోవడం వెల్డింగ్ జబ్బు కాదు, సిలిండర్ సీలో కంట్రోల్ వాల్వో చూపించాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సూదిమొన అంత రంధ్రం నుంచి ఆ ప్రెజర్‌తో వచ్చే ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

మరమ్మతు అయ్యాక మొదటి పది గంటలు సగం బకెట్‌తోనే పని చేయించండి. బోల్టులు మళ్లీ బిగించి, అతుకుల దగ్గర సుద్ద పరీక్ష మరోసారి చేయండి. పల్చటి ప్రైమర్ చాలు, మందపు పెయింటు అప్పుడే వద్దు. అతుకు మళ్లీ విడితే వారం లోపే ప్రైమర్ మీద వెంట్రుకంత సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది.