పాత ఇంగ్లిష్ పింగాణీ ఎవరి చేతిపనో కనుక్కోవడం ఎలా?

ఇంట్లో తరతరాలుగా దాచిన కప్పు కావచ్చు, ఇంగ్లండ్‌లో పాత సామాన్ల సంతలో కొన్న పూలకూజా కావచ్చు, చేతికి రాగానే అందరం దాని మీది బొమ్మలే చూస్తాం. వివరాలు మాత్రం అడుగున ఉంటాయి. అక్కడి ముద్ర కంపెనీ పేరు, సుమారుగా కాలం చెబుతుంది. బొమ్మను ఊహించింది ఎవరు, కుంచె పట్టింది ఎవరు అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి కూడా జవాబు దొరికేదాకా వెతకాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా బల్ల మీద మందపాటి తువ్వాలు పరవండి. పాత్రను పిడి పట్టుకుని ఎత్తొద్దు, అది ఎప్పుడో విరిగితే అతికించిన పిడి కావచ్చు. రెండు చేతులతో పట్టుకుని బోర్లించి, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో అడుగు తుడవండి. పీచుతో రుద్దితే పైన వేసిన రంగులు, బంగారు గీతలు లేచిపోతాయి.

ఇప్పుడు ముద్రలో దేశం పేరు ఉందేమో చూడండి. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, 1891 నుంచి అక్కడికి పంపే సరుకు మీద తయారైన దేశం పేరు వేయాల్సి వచ్చింది. అందుకే ‘ఇంగ్లండ్’ అని ఉంటే మామూలుగా ఆ తర్వాతిదే. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపుది. మూలల్లో అక్షరాలు, అంకెలున్న డైమండ్ గుర్తు కనబడితే ఆ డిజైన్ 1842-1883 మధ్య రిజిస్టర్ అయిందని అర్థం. 1884 నుంచి దాని బదులు వరస నంబర్లు వచ్చాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అది డిజైన్ నమోదైన తేదీ, పాత్రను బట్టీలో కాల్చిన తేదీ కాదు. ఒకే డిజైన్‌ను ఏళ్ల తరబడి చేసేవారు.

తర్వాత కంపెనీ పేరు. వీటిలో చాలా కంపెనీలు ఇంగ్లండ్ మధ్య భాగంలోని స్టోక్-ఆన్-ట్రెంట్‌వే. 1910లో ఆరు ఊళ్లు కలిసి ఆ పట్టణమైంది. వాటిలో ఒకటైన బర్స్‌లెంలోనే పేరుమోసిన కుమ్మరి జొసయా వెడ్జ్‌వుడ్ 1759లో సొంత పని మొదలుపెట్టాడు. ఆ పేరు కనబడగానే సంబరపడకుండా స్పెల్లింగు చూడండి. ‘జి’ తర్వాత ‘ఇ’ ఉంటే అది ఆయన కంపెనీది కాదు. చివర ‘అండ్ కో’ అని ఉన్నా వేరే వాళ్లదే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లి, యూరప్ పింగాణీలో వెడ్జ్‌వుడ్ పనిని దగ్గరగా చూసి రావచ్చు.

ఇక డిజైనర్. ఇక్కడ తొందరపడొద్దు, భూతద్దం తీసుకోండి. పువ్వు అంచు గీత వేలికి ఉబ్బెత్తుగా తగులుతోందా? మెహందీ కోన్‌తో గీసినట్టే, పల్చటి మట్టిని సన్నటి గొట్టంలోంచి వదులుతూ గీసి, మధ్యలో రంగు నింపే పద్ధతి అది. విలియం మూర్‌క్రాఫ్ట్ పేరు నిలిచింది ఈ పనితోనే. 1897లో మెకింటైర్ కంపెనీలో చేరి, 1913లో కాబ్రిడ్జ్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. అడుగున ఆయన సంతకం ఉందేమో వెతకండి.

నారింజ, పసుపు, నీలం రంగుల్లో ముక్కోణాలు మెరిసిపోతుంటే క్లారిస్ క్లిఫ్ గుర్తుకు రావాలి. 1927లో ‘బిజార్’ పేరుతో ఆమె మొదలుపెట్టిన వరస, న్యూపోర్ట్ ఫ్యాక్టరీలో అమ్ముడుపోక పడున్న లోపాల సరుకు మీద వేసిందే. ముదురు రంగులు ఆ లోపాలను కప్పేశాయి. అయితే ముద్రలో ఆమె పేరున్నంత మాత్రాన ఆమే రంగు వేసిందని కాదు. ఆ పని చేసింది ఫ్యాక్టరీలోని అమ్మాయిలు. ఒకరు అంచులు గీస్తే, ఒకరు రంగు నింపేవారు, ఇంకొకరు చుట్టూ పట్టీలు తిప్పేవారు. 1928 నాటి ‘క్రోకస్’ పూల డిజైన్ కప్పు దొరికితే తలకిందులుగా పట్టుకుని చూడండి. పూరేకులు ఒక్కో కుంచె దెబ్బతో వేసి, కప్పును తిప్పి సన్నటి ఆకుపచ్చ ఆకులు గీసేవారు. ఆ గీతలు ఏ రెండు కప్పుల మీదా ఒకేలా ఉండవు. అచ్చు కాగితంతో దించిన బొమ్మ అయితే ప్రతిదాని మీదా ఒకటే, ఎక్కడో ఒకచోట అతుకు కూడా కనబడుతుంది.

లండన్‌లోని లాంబెత్‌లో డౌల్టన్ కంపెనీ చేసిన జాడీలు మాత్రం మీకు ఎక్కువ చెబుతాయి. పచ్చి మట్టి మీద మేకలు, గుర్రాలు, జింకలు గీకి ఉంటే హన్నా బార్లో పని అయ్యే అవకాశం ఉంది. ఆమె పొడి అక్షరాలు బి, హెచ్, బి ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటి పక్కన ఇంకా చిన్న అక్షరాలు కనబడితే గీతలనుకుని వదిలేయకండి. అవి చుక్కలు, ఆకులు నింపిన సహాయకుల గుర్తులు. వాటిని కూడా ఫొటో తీసి, మీ నోట్‌బుక్‌లో హన్నా పేరు పక్కనే రాసుకోండి.