తుపాను గాలికి ముందు పెరట్లో చెట్టు మొదలు చూసుకోండి

మా ఇంటి ముందు పచ్చపూల తురాయి ఒకటి ఉండేది. వేసవిలో గేటు ముందు నేలంతా పసుపు చల్లినట్టుండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు అది వీధి వైపు ప్రహరీ మీద పడింది. గాలి తగ్గాక చూస్తే కొమ్మలు పెద్దగా విరగలేదు, చెట్టు చెట్టంతా వేళ్లతో సహా పెకిలి వచ్చింది. ఇంటి వైపు అసలు వేళ్లే లేవు. అంతకు రెండేళ్ల ముందు నీళ్ల పైపు కోసం ఆ పక్క తవ్వించి, అడ్డొచ్చిన వేళ్లన్నీ గొడ్డలితో కొట్టించింది మేమే. మిగతా మూడు పక్కలా మొదలు దాకా సిమెంటు చేయించిందీ మేమే. అన్నాళ్లూ తప్పు గాలిదని చెప్పుకున్నాం.

అందుకే తుపానుల ముందు జాగ్రత్త అనగానే పైకి, కొమ్మల వైపు చూసేవాళ్లతో ముందు కిందికి చూడమంటాను. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఉత్తరాంధ్రకు అక్టోబరే పెద్ద గండం. హుద్‌హుద్ ఆ నెలలోనే వచ్చింది, 2018లో శ్రీకాకుళం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన తిత్లీ కూడా ఆ నెలలోనే. అప్పటికి మూడు నాలుగు నెలల వానకు నేల నాని మెత్తగా ఉంటుంది, వేరుకు పట్టు తక్కువ. వినాయక చవితికి పత్రి కోయడానికి చెట్ల చుట్టూ ఎలాగూ తిరుగుతాం కదా, ఆ రోజే మొదళ్లు చూసేయండి. నిమజ్జనాల సందడి అయ్యేలోగా పని ముగించండి. హైదరాబాద్ వైపు వాళ్లకు ఈ గండం వేసవి గాలివానలతో వస్తుంది కాబట్టి ఇదంతా మార్చిలోనే చేసుకోవాలి.

మొదట్లో ఏం చూడాలి? ఆరోగ్యంగా ఉన్న చెట్టు కాండం నేలలో కలిసేచోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. స్తంభం పాతినట్టు తిన్నగా దిగిపోతే పైన మట్టి ఎక్కువ పోసి ఉండొచ్చు, లేదా లోపల వేళ్లు మెలికపడి ఉండొచ్చు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను ప్లాస్టిక్ కవరు తీయకుండానో, చుట్టలు తిరిగిన వేళ్లను విడదీయకుండానో పాతేస్తే, అవి పెద్దయ్యాక కూడా అలాగే గుండ్రంగా తిరిగి తమ చెట్టు మెడకే ఉరి బిగిస్తాయి. మొదట్లో పుట్టగొడుగులు, చెక్కబిళ్లల్లాంటి గట్టి బూజు కనిపిస్తే లోపల పుచ్చు మొదలైనట్టే. సుత్తి పిడితో కాండం మీద తట్టి చూడండి, డొల్లగా మోగిన చోట గుర్తు పెట్టుకోండి. పుట్టుకతోనే వంగి పెరిగిన చెట్టుకు అంత భయం లేదు. కొత్తగా ఒరిగి, ఒరిగిన దానికి ఎదురు పక్క నేల బీటలిచ్చి మట్టి ఉబ్బిందంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

సిమెంటు విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. చెట్టు వేళ్లలో చాలా భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, పక్కలకు మాత్రం కొమ్మల గొడుగు దాటి పోతాయి. తల్లివేరు లోతుగా దిగి చెట్టును మేకులా పట్టుకుంటుందనుకోవడం చాలా చెట్ల విషయంలో భ్రమే. ఆ పై మట్టిని టైల్స్‌తో మూసేస్తే వేరుకు గాలి అందదు. కనీసం మూడు నాలుగడుగుల పాదు వదలండి. ఇప్పటికే మూసేసి ఉంటే పగలగొట్టించండి, కానీ గునపం వేరుకు తగలకుండా పని అబ్బాయి పక్కన నిలబడి చూడండి. పాదులో నీళ్లు నిలుస్తుంటే చిన్న కాలువ తీయండి. తుపానుల కాలం దగ్గరపడ్డాక యూరియా వేయొద్దు. లేత కొమ్మలు గుబురుగా వచ్చి గాలికి తెరచాపలా పనిచేస్తాయి.

ఇక పై పని. గాలి వేగం రెట్టింపైతే అది చెట్టు మీద వేసే బలం నాలుగింతలవుతుంది. ఈ భయంతోనే ప్రతి ఏడాది చాలామంది చెట్టు తల నరికించేస్తారు. ఇంతకన్నా చెడ్డ పని లేదు. తల తీసేసిన మోడు చుట్టూ ఒక్క ఏడాదిలో పది కొమ్మలు లేస్తాయి. అవి బెరడుకు అతికించినట్టు పైపైనే ఉంటాయి, రెండు మూడేళ్లకు బరువెక్కి ఊడిపడతాయి. తల నరకకండి, పలచన చేయండి. ఎండిన కొమ్మలు, ఒకదానితో ఒకటి రాసుకునేవి, ఇంటి కప్పు మీదికి వంగినవి తీయండి. ఒక్కసారిగా పచ్చి కొమ్మల్లో పావు వంతు దాటొద్దు. రెండు పెద్ద కొమ్మలు ఒకే చోటు నుంచి ఇరుకుగా చీలి, మధ్యలో బెరడు నొక్కుకుపోయి ఉంటే అదే చీలిపోయే చోటు. చెట్టు చిన్నదిగా ఉండగానే అందులో ఒకటి తగ్గించుకుంటూ రావాలి.

కోసే పద్ధతి తెలియక చెట్లకు గాయాలు చేస్తుంటాం. కొమ్మను పైనుంచి ఒకే కోతలో తెగ్గొడితే సగం తెగాక బరువుకు విరిగి, కాండం మీద బారెడు బెరడు ఊడ్చుకుపోతుంది. ముందు కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా పడిపోతుంది. మిగిలిన మొట్టును ఆఖరున తీయాలి. కొమ్మ కాండంలో కలిసేచోట ఉబ్బెత్తుగా మడతలా ఉంటుంది, కోత ఆ మడతకు బయట పడాలి. గాయం మానేది ఆ మడత నుంచే. గాయం మీద తారు, పెయింటు పూయడం, తొర్రలో సిమెంటు నింపడం వల్ల తడి లోపలే ఉండిపోయి పుచ్చు పెరుగుతుంది. అలా వదిలేయడమే మేలు. పని ఎండ కాసిన రోజు పెట్టుకోండి. దేవగన్నేరు, పచ్చ గన్నేరు కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా కళ్లద్దాలు, చేతికి తొడుగులు ఉండాలి. పచ్చ గన్నేరు కాయలు విషం, పిల్లలున్న ఇంట్లో కోసినవి కోసినట్టే ఏరి పారేయండి.

మణికట్టు కన్నా లావు కొమ్మ, నిచ్చెన ఎక్కాల్సిన కొమ్మ మీరు ముట్టుకోవద్దు. ‘మీకేంటండీ, మీరు చేయగలరు’ అని మునగ చెట్టు ఎక్కించేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. మోకు కట్టి కొమ్మను మెల్లగా దించగలిగిన మనిషినే పిలవండి. కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మలైతే కూలీ మనిషిని కూడా ఎక్కించొద్దు. కరెంటు వాళ్ల 1912 నంబరుకు ఫోన్ చేసి లైన్ ఆపించాకే పని. చెట్టును మొదలంటా కొట్టించాలనుకుంటే సొంత స్థలంలోదైనా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం అడ్డొస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి కాబట్టి ముందే అడిగి అనుమతి తీసుకోండి. రేవులో ఒకటో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చాక రంపం పట్టుకోవద్దు. సగం కోసిన కొమ్మ కోయని కొమ్మకన్నా ప్రమాదం, కోసి గుట్టేసినవి గాల్లో ఈటెల్లా లేస్తాయి. అప్పుడు చేయగలిగిందల్లా కుండీలు దింపడం, ఊగే దీపాలూ ఉయ్యాలలూ విప్పడం, కారును చెట్టు కింద నుంచి తీయడం. రాత్రికి చెట్టు వైపు గదిలో పడుకోవద్దు.

ఇంకో సంగతి. హుద్‌హుద్ రోజు మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. అది తుపాను కన్ను. అది దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా ఒక వైపు లాగి వదులైన వేళ్లను రెండో వైపు నుంచి తోస్తుంది. గాలి తగ్గిందని చెట్టు కిందికి వెళ్లకండి, రేడియో చెప్పేదాకా ఆగండి.

తెల్లారాక మొదట తీగలు చూడండి. తీగ తగిలిన చెట్టును, తడి ప్రహరీని ముట్టుకోవద్దు, పది మీటర్ల దూరంలో ఉండండి. పైన విరిగి వేలాడే కొమ్మలను ముందు దింపించాలి. మణికట్టు లావు లోపు మొక్క ఒరిగితే బతుకుతుంది. వేళ్ల మీద తడి గోనె కప్పి, ఆ రోజో మరునాడో నిలబెట్టి మట్టి సర్దండి. కట్టు మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, పాత సైకిల్ ట్యూబుతో వదులుగా వేయాలి, కాస్త ఊగనివ్వాలి. ఇనప తీగ వాడొద్దు. పెద్ద చెట్టును క్రేనుతో లేపి నిలబెట్టినా దాని వేళ్లు తెగిపోయి ఉంటాయి, నా మట్టుకు ఆ డబ్బుతో కొత్త మొక్క నాటడమే నయం. సముద్రానికి దగ్గరైతే ఆకుల మీద ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్లతో కడగండి. ఆకులు మొత్తం రాలి మోడులా నిలబడ్డ చెట్టును చచ్చిందని కొట్టేయొద్దు. హుద్‌హుద్ తర్వాత మా వీధి వేపలు కొన్ని వారాలకే చిగురించాయి.

మళ్లీ నాటేటప్పుడు తురాయి, ఆకాశమల్లె, నిద్రగన్నేరు లాంటివి ఇంటికి ఇరవై అడుగుల లోపు వద్దు. తొందరగా పెరిగేవాటి కలప పెళుసు. తీరంలో పొగడ, పొన్న, గంగరావి ఉప్పు గాలికి తట్టుకుంటాయి. మేం తురాయి చోట పొగడ వేశాం. ఎదుగుదల మహా నెమ్మది, మొదటి నాలుగేళ్లు వచ్చినవాళ్లంతా ‘ఇది మొక్కేనా’ అన్నారు. చుట్టూ నాలుగడుగుల పాదు, పైపు ఇప్పుడు అవతల పక్క నుంచి పోతోంది.