లివర్ క్యాన్సర్ గడ్డ తీశాక వైరస్ మాత్రల సంగతి

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక అందరూ ఫైల్లో గడ్డ సైజు ఎంత అని వెతుకుతారు. దాంతో పాటు ఇంకోటి చూడండి, ఆ లివర్‌ని పాడు చేసింది హెపటైటిస్ బీనా, సీనా అని. రెండింటి మందుల దారి పూర్తిగా వేరు. (తాగుడు వల్లో, ఫ్యాటీ లివర్ వల్లో వచ్చి, టెస్టుల్లో ఏ వైరస్సూ లేదని తేలితే ఈ మాత్రల గోల మీకు లేదు.)

బీ ఉంటే ఒకటి బుర్రలో పెట్టుకోవాలి: సర్జన్ తీసింది గడ్డని, వైరస్‌ని కాదు. అది మిగిలిన లివర్ కణాల్లో నక్కి కూర్చునే ఉంటుంది, ఎంటెకవిర్, టెనోఫోవిర్ లాంటివి దాన్ని పెరగనివ్వకుండా తొక్కిపెడతాయి, అంతే. లివర్‌లో కొంత భాగం కోసి తీసేసిన వాళ్లలో క్యాన్సర్ మళ్లీ రావడం చాలా ఎక్కువ, 5 ఏళ్లలో సగం మందికి పైనే. మొదటి 2 ఏళ్లలో వచ్చేవి ఎక్కువగా పాత గడ్డ నుంచి అప్పటికే పాకిన కణాలు, వాటి మీద ఈ మాత్ర పెద్దగా ఏం చేయలేదు. ఆ తర్వాత వచ్చేవి చాలావరకు దెబ్బతిన్న లివర్‌లో కొత్తగా పుట్టేవి, మాత్ర ముఖ్యంగా ఆదుకునేది అక్కడే. అందుకే ఇది ఏళ్ల తరబడి, మామూలుగా జీవితాంతం వాడాల్సిన మందు.

వాడే పద్ధతి కూడా ముఖ్యమే. ఎంటెకవిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, తిన్నాక 2 గంటలు ఆగి, వేసుకున్నాక ఇంకో 2 గంటలు ఏమీ తినకుండా. మన ఇళ్లలో తెల్లారుజామున, టిఫిన్ హడావుడి మొదలవక ముందు వేసుకోవడం సులువు. టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి, 25 మిల్లీగ్రాములది అన్నంతోనో టిఫిన్‌తోనో వేసుకోవాలి, పాత 300 మిల్లీగ్రాములది కిడ్నీల మీద, ఎముకల మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి క్రియాటినిన్ టెస్ట్ అప్పుడప్పుడు చేయిస్తారు. స్ట్రిప్ మీద అంకె చూసుకోండి, పేరొక్కటే చూస్తే పొరపాటు పడతారు.

అసలు ప్రమాదం ఎక్కడంటే, 6 నెలల తర్వాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్ట్) రిపోర్టులో 'నాట్ డిటెక్టెడ్' అని వస్తుంది, ఇంట్లో అందరూ సంబరపడి 'ఇక ఎందుకు ఈ మాత్రలు' అంటారు, లేదా ఎవరో నేల ఉసిరి పసరు తాగమంటే అది మొదలుపెట్టి ఇది ఆపేస్తారు. మాత్ర పని చేస్తోంది కాబట్టే రిపోర్టు అలా వచ్చింది. ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించవచ్చు, సగం లివరే మిగిలిన మనిషికి అది లివర్ ఫెయిల్యూర్ దాకా పోవచ్చు.

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు కూడా ఆపకూడదు. పాత లివర్ పోయినా వైరస్ ఒంట్లో ఉంటుంది, కొత్త లివర్‌కి పట్టుకుంటుంది. అందుకే మాత్రతో పాటు చాలామందికి హెపటైటిస్ బీ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు) ఇంజెక్షన్లూ ఇస్తారు, ఎన్నాళ్లన్నది మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ చెప్తుంది.

సీ అయితే కథ చిన్నది. సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్ర సాధారణంగా 12 వారాలు, అయిపోయిన 12 వారాలకి టెస్ట్‌లో వైరస్ లేకపోతే నయమైనట్టే. ఈ మందుల వల్లే క్యాన్సర్ తిరగబెడుతోందని 2016లో స్పెయిన్ నుంచి ఒక భయం బయలుదేరింది, తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. అయినా గడ్డ తీశాక స్కాన్ క్లియర్‌గా ఉందని చూసుకునే మొదలుపెడతారు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ టెస్ట్ చేశారో లేదో అడగండి, లోపల బీ ఉంటే సీ మందుతో అది మళ్లీ లేవొచ్చు. సీ నయమైనా సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) ఉంటే అది అలాగే ఉంటుంది, స్కాన్లు మానకండి.

ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకి, 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బీ, సీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, జిల్లా ఆసుపత్రిలో అడగండి. అక్కడికి వెళ్లిన రోజే భార్యాపిల్లలకీ, అన్నదమ్ములకీ బీ టెస్ట్ చేయించండి, వైరస్ లేనివాళ్లకి టీకా 0, 1, 6 నెలల్లో 3 డోసులు.

అమెరికాలో పిల్లల దగ్గరికి 6 నెలలకని వెళ్లే అమ్మానాన్నలు మాత్రం టికెట్ బుక్ చేసే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మొదటి 2 ఏళ్లు సీటీ లేదా ఎంఆర్ఐ, ఏఎఫ్‌పీ టెస్ట్ (లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) 3 నుంచి 6 నెలలకోసారి ఉంటాయి, అక్కడ చేయిస్తే బిల్లు తట్టుకోలేం, కాబట్టి స్కాన్ అయిన వారమే ఫ్లైట్ ఎక్కి, తర్వాతి స్కాన్ తేదీకల్లా తిరిగొచ్చేలా చూసుకోండి. ఉండే రోజులకి సరిపడా మాత్రలు, ఇంకో నెలవి అదనంగా, మందు అసలు పేరు రాసిన చీటీ, అన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి.